ఆపి చూసిన చోట: డీబగ్గింగ్ చరిత్రలో పేర్లు

పోయిన సంక్రాంతికి ఆత్మకూరులో మా పిన్ని వాళ్ళింట్లో పది రోజులున్నాను. పండగ ఒక వంక మాత్రమే. అంతకు నెల ముందు వింజమూరు నించి ఒకామె ఫోన్ చేసింది. 2013లో నేను వాళ్ళమ్మ దగ్గర కూర్చుని సారా ఉద్యమం గురించి టేపు చేసుకున్నానట. అమ్మ పోయి ఏడాది కావస్తోందట. ఆ గొంతు ఒకసారి వినిపించమని అడిగింది. 'దాందేముందమ్మా, పంపిస్తాను' అన్నాను. ఫోన్ పెట్టేశాక గానీ నాకు తట్టలేదు, ఆ గొంతు ఏ ఫైల్లో ఉందో నాకు తెలీదని.

నా పిహెచ్‌డి సారా వ్యతిరేక ఉద్యమ స్త్రీల మౌఖిక కథనాల మీద. ఉదయగిరి, వింజమూరు, కలిగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో తిరిగి నలభై ఒక్కమందితో మాట్లాడాను. థీసిస్‌లో వాళ్ళు క-1 నించి క-41 వరకూ ఉన్నారు. 'క' అంటే కథకురాలు. అలా రాయటం పరిశోధనా మర్యాద అని నేర్చుకున్నాను. నేర్పిన వాళ్ళను తప్పుపట్టటం లేదు, అప్పుడు నాకూ అదే సబబనిపించింది. నలుగురైదుగురు మా పేర్లు వద్దమ్మా అన్నమాట నిజం. కానీ మిగతా వాళ్ళలో చాలామంది అడిగి మరీ చెప్పారు, 'పేరు రాసుకో పాపా, ఇంటిపేరుతో సహా రాసుకో' అని. రాసుకున్నాను. ఏ పేరు ఏ అంకె అనే జాబితా ఉన్న నోటుపుస్తకం, హాస్టలు గది ఖాళీ చేసిన హడావిడిలో పోయింది. మిగిలింది థీసిస్, రికార్డరు తనంతట తను అంకెలు వేసుకున్న యాభై ఎనిమిది ఫైళ్ళు.

ఆ ఫైళ్ళు ముందేసుకుని నేను తల పట్టుకున్న గదిలోనే ఇంకో మూల మా పిన్ని కూతురు కూర్చునేది. తను బెంగుళూరు కంపెనీ ఒకదానికి పనిచేస్తుంది. 2020లో ఇంటికొచ్చింది, ఇక్కణ్ణించే పని. బల్ల మీద రెండు కంప్యూటర్లు. ఒకటి లాప్‌టాప్, రెండోది తను బీటెక్‌లో వాడిన పాత డెస్క్‌టాప్. రెండింటికీ మధ్య ఒక సీరియల్ తీగ. ఏం పని అంటే 'కెర్నెల్ పడిపోతా ఉందక్కా, ఎక్కడ తప్పుందో చూస్తన్నా' అంది. సాహిత్యం చదువుకున్న నాకు ఆ వాక్యంలో క్రియలు తప్ప ఏమీ అర్థం కాలేదు. పది రోజుల్లో తను ఓపిగ్గా చెప్పింది, నేను ఆ తర్వాత కొంత చదువుకున్నాను. ఈ వ్యాసం అక్కణ్ణించి మొదలయింది.

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గింజ లాంటిది. ఏ ప్రోగ్రాముకి ఎంత మెమరీ ఇవ్వాలి, ప్రాసెసర్ ఎవరి పని ఎంతసేపు చెయ్యాలి, కీబోర్డు, డిస్కు, తెర చెప్పేది ఎవరు వినాలి అన్నీ అది చూసుకుంటుంది. మామూలు ప్రోగ్రాము తప్పు చేస్తే అదొక్కటే ఆగుతుంది. తప్పు కెర్నెల్లోనే ఉంటే మొత్తం ఆగుతుంది. అందుకే దానిలో తప్పు వెతకటం చిక్కు. మామూలు ప్రోగ్రామునైతే డీబగ్గర్ అనే ఇంకో ప్రోగ్రాముతో మధ్యలో ఆపి, లోపల ఏముందో చూడొచ్చు. కెర్నెల్‌ని ఆపితే ఆ చూసే డీబగ్గర్ కూడా ఆగిపోతుంది, అది నడిచేది ఆ కెర్నెల్ మీదే కనక. రెండో కంప్యూటరు అందుకు. పాత డెస్క్‌టాప్ మీద పరీక్షించాల్సిన కెర్నెల్ నడుస్తుంది. దానిలో కేజీడీబీ అనే చిన్న భాగం తీగ మీద మాటలు వింటూ ఉంటుంది. లాప్‌టాప్ మీద జీడీబీ అనే డీబగ్గర్ ఉంటుంది. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన జీడీబీ వారసురాలే ఇది. ఇక్కణ్ణించి 'ఆగు' అంటే అక్కడ ఆగుతుంది. (ఈమధ్య చాలామంది రెండో కంప్యూటరు బదులు ఒకే కంప్యూటర్లో ఉత్తుత్తి కంప్యూటరు సృష్టించి పని కానిస్తారట. తనకి నిజం తీగే ఇష్టం.)

ఆపాల్సిన చోటుని బ్రేక్‌పాయింట్ అంటారు. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో అక్కడున్న ఆదేశం నించి ఒక్క బైటు తీసేసి, దాని చోట 'ఇక్కడ ఆగు' అనే ఒక్క బైటు ఆదేశం పెడతారు. నడుస్తూ నడుస్తూ అక్కడికి రాగానే ప్రాసెసర్ ఆగి కబురు చేస్తుంది. చూడటం అయ్యాక తీసిన బైటు మళ్ళీ పెట్టి కదలనిస్తారు.

ఈ మాట ఎక్కణ్ణించి వచ్చిందో వెతుకుతుంటే నేను స్త్రీల చరిత్రలోకి వచ్చి పడ్డాను. కంప్యూటర్లు, స్త్రీలు అనగానే అందరూ గ్రేస్ హాపర్ చిమ్మట కథ చెబుతారు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 యంత్రం రిలేలో చిమ్మట దొరికింది, లాగ్‌బుక్కులో దాన్ని అంటించారు. దాన్ని పట్టుకున్నది హాపర్ కాదు, ఆ కథ చెప్పి ప్రచారంలోకి తెచ్చింది ఆమె. యంత్రంలో లోపానికి బగ్ అనే మాటని అంతకు చాలాముందు 1878లోనే ఎడిసన్ వాడాడు. ఆ చిమ్మట మీద ఉన్న మోజు పక్కనున్న అసలు కథని మరుగున పడేసిందని నా అనుమానం.

అసలు కథ ఎనియాక్‌ది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో లెక్కకట్టటానికి అమెరికా సైన్యం కట్టించిన యంత్రం. సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులు. అంతకుముందు ఆ లెక్కలు చేతితో చేసేది ఆడవాళ్ళు. ఆ ఉద్యోగం పేరే 'కంప్యూటర్'. వాళ్ళలోంచి ఆరుగుర్ని 1945లో ఎంపిక చేసి, యంత్రానికి లెక్క నేర్పండి అన్నారు. కే మెక్‌నల్టీ, బెటీ జీన్ జెన్నింగ్స్, బెటీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. పుస్తకాలు లేవు, పాఠాలు లేవు. యంత్రం పటాలు చేతికిచ్చారు. ఆ పటాలు చదివి, ఒక్కో ట్యూబు ఏం చేస్తుందో తేల్చుకుని, తీగలు తీసి పెట్టి, స్విచ్చులు తిప్పి ప్రోగ్రాము రాశారు. లెక్క తప్పితే మధ్యలో ఆపి చూడాలి. ఫలానా మెట్టు దగ్గర తీగ పీకేస్తే యంత్రం అక్కడితో ఆగుతుంది, అప్పటికి ట్యూబుల్లో ఉన్న అంకెలు లైట్లలో చదువుకోవచ్చు. తీగ తెంచిన చోటు, అదే బ్రేక్‌పాయింట్. ఆ ఊహ బెటీ స్నైడర్‌దని ఆమెతో పనిచేసిన వాళ్ళే చెప్పారు.

1946 ఫిబ్రవరి 15న యంత్రాన్ని లోకానికి చూపించాలి. ముందు రోజు రాత్రికి అన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప. గుండు నేలకి తగిలాక కూడా లెక్క ఆగకుండా భూమిలోకి దిగిపోతోంది. ఎంత వెతికినా దొరక్క ఇంటికెళ్ళి పడుకుంది బెటీ స్నైడర్. నిద్రలో తెలిసింది. తెల్లారి వచ్చి ఒకే ఒక్క స్విచ్చు ఒక్క గడి మార్చింది. ప్రదర్శన గొప్పగా జరిగింది. ఆ రాత్రి విందు. ఆ విందుకి ఈ ఆరుగురిలో ఎవర్నీ పిలవలేదు. 1980లలో కాథీ క్లైమన్ అనే విద్యార్థిని హార్వర్డ్‌లో చదువుకుంటూ పాత ఫొటోల్లో యంత్రం పక్కన నిలబడ్డ ఈ ఆడవాళ్ళను చూసింది. కింద మగవాళ్ళ పేర్లున్నాయి, వీళ్ళవి లేవు. వాళ్ళెవరని అడిగితే, ఫ్రిజ్జుల ప్రకటనల్లో ఆడవాళ్ళను నిలబెట్టినట్టు అందానికి నిలబెట్టిన మోడళ్ళు అన్న జవాబొచ్చింది. ఆమె వాళ్ళను వెతికి పట్టుకుని, మాట్లాడించి, చివరికి 2022లో పుస్తకం తెచ్చింది. బెటీ స్నైడర్, పెళ్ళయ్యాక హోల్బర్టన్, 2001లోనే పోయింది.

పేర్లు పోవటం గురించి మా చెల్లెలి బల్ల దగ్గర ఇంకో సంగతి నేర్చుకున్నాను. మనిషి రాసే సోర్సులో ప్రతిదానికీ పేరుంటుంది. దాన్ని యంత్రభాషలోకి మార్చాక యంత్రానికి ఆ పేర్లతో పనిలేదు, చిరునామాలు చాలు. ఏ ఆదేశం సోర్సులో ఎన్నో వరసది, ఏ గడిలో ఉన్నది ఏ పేరున్న చరరాశి అనే లెక్కంతా విడిగా దాచుకోవాలి. పేర్లన్నీ ఉన్న కెర్నెల్ ఫైలు వందల మెగాబైట్లుంటే, నిజంగా నడిచే ఫైలు పది పదిహేను మెగాబైట్లు. కొన్ని పేర్లు నడిచే కెర్నెల్ తన దగ్గరే ఉంచుకుంటుంది గానీ మిగతావి పీకేస్తారు. 'పేర్లు లేకపోయినా బాగానే నడుస్తదక్కా. పడిపోయినప్పుడే కావాల్సొచ్చేది' అంది తను. నా థీసిస్ కూడా బాగానే నడిచింది. డిగ్రీ వచ్చింది, రెండు పత్రికల్లో భాగాలు అచ్చయ్యాయి. క-26 ఎవరని ఎవరూ అడగలేదు, పన్నెండేళ్ళ వరకూ.

పేర్లున్న ఫైలు చేతిలో ఉన్నా అన్నీ కనపడవు. ఒకసారి తను ఏదో చరరాశి విలువ అడిగితే తెరమీద 'ఆప్టిమైజ్డ్ ఔట్' అని వచ్చింది. సోర్సులో ఉంది గదా అన్నాను. 'ఉంది. కంపైలరు దీంతో పెద్ద పనిలేదనుకుని దానికంటూ చోటు ఉంచలా' అంది. కెర్నెల్‌ని ఈ కుదింపు లేకుండా కంపైలు చెయ్యటం కుదరదట, దాని నిర్మాణమే అట్లాంటిదట.

ఇది విన్నప్పుడు నాకు ముద్దుపళని గుర్తొచ్చింది. 'రాధికా సాంత్వనము' పాత అచ్చులో ఆమె తన నానమ్మ, మేనత్తల సాహిత్య వారసత్వం చెప్పుకున్న పీఠిక లేదు. బెంగుళూరు నాగరత్నమ్మ చేతిప్రతి తెప్పించుకుని, అచ్చుతో పోల్చి చూసి, ఏం పోయిందో తేల్చి, 1910లో పూర్తి పాఠం వేయించింది. ఆ మరుసటేడు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. మన పత్రికల్లో ఈ కథ చాలాసార్లు వచ్చింది కనక వదిలేస్తాను. కత్తిరించిన పద్యాల మీద జరిగినంత చర్చ కత్తిరించిన ఆ పీఠిక మీద జరగలేదన్నది మాత్రం నా ఫిర్యాదు.

డీబగ్గర్ కెర్నెల్లో ఉండాలా అనేది పెద్ద తగాదా. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2000లో ఖరాఖండిగా వద్దన్నాడు. డీబగ్గర్ చేతికిస్తే జనం పైపైన కనపడ్డ లక్షణాన్ని సరిచేసి వెళ్ళిపోతారని, సోర్సు ముందేసుకుని బుర్ర పెట్టి ఆలోచించే వాళ్ళు కావాలని ఆయన వాదన. ఎనిమిదేళ్ళపాటు కేజీడీబీ ఊరి బయటే ఉండిపోయింది, దాన్ని విడిగా పోషించిన వాళ్ళలో పుణెలోని అమిత్ కాలే ఒకరు. 2008లో 2.6.26తో లోపలికొచ్చింది. నిజం చెప్పాలంటే టోర్వాల్డ్స్ వాదనలో సగం నాకు నచ్చింది. మూలాన్ని నెమ్మదిగా చదవటానికి బదులు ఏదీ లేదు. కానీ ఆ మాట ఎవరు అంటున్నారన్నది కూడా చూడాలి. మూలమంతా తలలో ఉన్నవాడికి ఆపి చూడాల్సిన అవసరం తక్కువ. ఎనియాక్ దగ్గరికి పటాలు తప్ప ఏమీ లేకుండా వచ్చిన ఆడవాళ్ళకి ఆపి చూడటమే చదువు.

ఈ తగాదా నడుస్తున్న రోజుల్లోనే మరో దారి మన దేశం నించి వచ్చింది. కేప్రోబ్స్ అంటారు. నడుస్తున్న కెర్నెల్‌ని పూర్తిగా ఆపకుండా, కావలసిన చోట చిన్న ఆరా పెట్టి, అక్కడ ఏం జరుగుతోందో రాసుకుని వదిలేస్తుంది. ఆ ఫైలు మా చెల్లెలు తెరిచి చూపించింది. పైన వ్యాఖ్యలో ఎవరు ఎప్పుడు ఏం చేశారో ఉంది, మన తాళపత్రాల చివర లేఖకుడి గద్యలాగా. 2002 అక్టోబరులో దీన్ని సృష్టించింది ఐబీఎం భారతీయ విభాగం ఇంజినీరు వంశీకృష్ణ. తెలుగుపేరని సంబరపడ్డాను గానీ పేరునుబట్టి ఊరు చెప్పలేం. కొంచెం కింద 2004 జులై, అదే సంస్థ నించి సుపర్ణా భట్టాచార్య. ఒక ఫంక్షన్ని పిలిచినప్పుడు దానికి ఏమేం అందించారో చూసే వీలు ఆమె చేర్చింది. ఆ వీలు కోసం తర్వాత వేరే పద్ధతులొచ్చాయి, 2018లో ఆ భాగాన్ని కెర్నెల్ నించి తీసేశారు. పైన వరసలో పేరు మాత్రం అలాగే ఉంచారు. ఎవరో చెరిపెయ్యాలనుకోలేదు, అంతే. కానీ నేను ఆ వరస వైపు చాలాసేపు చూశాను.

ఇక మా చెల్లెలి తప్పు సంగతి. కెర్నెల్ పడిపోయినప్పుడు డీబగ్గర్ ఒక వరస చూపిస్తుంది. ఇక్కడ పడింది, దీన్ని పిలిచింది ఫలానాది, దాన్ని పిలిచింది ఇంకోటి, అలా వెనక్కి. బ్యాక్‌ట్రేస్ అంటారు. పడినచోట ఉన్న కోడు వేరే ఎవరో మగ ఇంజినీరు రాసింది, మూడు వారాలుగా అందరూ అతన్నే తిడుతున్నారు. తను ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్ళింది. మొదటిరోజు బ్రేక్‌పాయింట్లు ఒక్కటీ తగల్లేదు, భద్రత కోసం కెర్నెల్ బూట్ అయిన ప్రతిసారీ తన చిరునామా మొత్తం కొంత దూరం జరుపుకుంటుందట. దాన్ని జరగకుండా కట్టేశాక దొరికింది. ఒక భాగం తను వాడుకున్న మెమరీని తిరిగి ఇచ్చేసింది, కానీ ఆ చిరునామా ఇంకో భాగం దగ్గర అలాగే ఉండిపోయింది. ఇల్లు ఖాళీ చేసి తాళాలు ఇచ్చేశాక కూడా పాత చిరునామాకి ఉత్తరాలు పోయినట్టు. తప్పు జరిగినప్పుడు ఏమీ కాలేదు. కొత్తవాళ్ళు ఆ ఇంట్లో చేరాక, ఎక్కడో ఇంకెవరో పడ్డారు.

వంటింట్లోంచి పిన్ని వింటూ ఉంది. 'మరి మేం జేసిందీ అదే గదా' అంది. మా పిన్ని 1992లో కొత్త కోడలు. రాత్రి బడికి పోయిన ఆడవాళ్ళు దూబగుంటలో సారా కొట్టు మూయించారన్న కబురు ఆ ఏడు జిల్లా అంతా పాకింది, అక్షరాస్యతా వాచకంలో పాఠమయింది. తాగొచ్చి కొట్టేది మొగుడు, పడినచోటు అది. అక్కడే ఆగిపోతే 'మీ ఆయన్ని మార్చుకో' అనే సలహాతో సరి. వాళ్ళు ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్ళారు. మొగుడి వెనక కొట్టు, కొట్టు వెనక కాంట్రాక్టరు, కాంట్రాక్టరు వెనక సారా పాటలు, పాటల వెనక సర్కారు ఖజానా. పోయి పాటల దగ్గర ఆపారు. 1993 ఏప్రిల్ 15 నించి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నించి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో పోయింది. ఈ పోలికని మరీ లాగను. కెర్నెల్లో తప్పు తెలిస్తే సరిచెయ్యనిస్తారు, ఖజానా విషయంలో అలా ఉండదు. ఆ ఉద్యమం నించి లోకానికి గుర్తున్న పేరు మాత్రం దూబగుంట రోశమ్మది ఒక్కటే. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివి పరిశోధనలోకి వచ్చినదాన్ని నేను. అందులో ఆడవాళ్ళు పేర్లతో మాట్లాడతారు. నేను అంకెలు వేశాను.

'నీదీ అంతేనక్కా, అంతా ఒకే దూరం జరిగుంటది. ఒక్కదానికి అసలు చోటు తెలిస్తే చాలు' అంది చెల్లెలు. నా రికార్డరు గడియారం బ్యాటరీ మార్చినప్పుడల్లా ఏదో పాత తేదీకి పోయేది. అందుకే ఫైళ్ళ మీద తేదీలు పనికిరావని వదిలేశాను. కానీ రెండు బ్యాటరీల మధ్య ఫైళ్ళన్నీ ఒకే దూరం జరిగి ఉంటాయి గదా. థీసిస్ పాదసూచికల్లో ఊరూ తేదీ ఉన్నాయి. కావలసింది లంగరు ఒకటి. అది ఉదయగిరిలో దొరికింది. దుర్గం కింద వీధిలో చెక్క చెంచాలు చేసే ఒకామె ఉప్పుకాగితంతో గరిటె రుద్దుతూ మాట్లాడిన ఫైలు, ఆ గరగర వింటే పోల్చుకోవచ్చు. అదే పూట ఫోనుతో ఆమె చేతుల ఫొటో తీశాను, ఫోను తేదీ నిజం తేదీ. తేడా లెక్కవేశాం. ఆ తేడా మిగతా వాటికి కలిపాం. థీసిస్‌లో క-26 మాటలు, బిందెలో సారా తెచ్చి కాలవలో పోసిన కథ, వింజమూరు ఆమె ఫోనులో చెప్పిన దాంతో సరిపోయింది. ఆ తేదీకి మూడు ఫైళ్ళొచ్చాయి.

కనుమ మర్నాడు ఆమెకి ఫోన్ చేసి ఒక్కోటీ వినిపించాం. మొదటిది కాదంది. రెండోదీ కాదంది. మూడోది నాలుగు నిమిషాలు నడిచాక, 'ఈమె మా అమ్మ గాదు మేడం, మా మేనత్త' అంది. క-26 పేరూ ఇంటిపేరూ చెప్పింది. రాసుకున్నాను. ఇక్కడ రాయాలంటే ఆమె కొడుకుని అడగాలి, అడిగాను, ఇంకా జవాబు రాలేదు. ఫైలు ఆపబోతుంటే, 'ఉండు మేడం, ఆపబాక' అంది. మేనత్త చెబుతున్న కథలోకి దూరం నించి ఇంకో గొంతు దూరి, 'అట్ట గాదొదినా, ముందు బిందె సంగతి జెప్పు' అంటోంది. 'అదీ మా అమ్మ' అంది.

నేను ఆమె ముందు రికార్డరు పెట్టలేదు. ఆమె గడపలో కూర్చుని చింతకాయ కొట్టుకుంటూ ఆడబిడ్డ కథని సరిదిద్దుతూ ఉందట. ఆమె దిద్దిన చోటల్లా కథ మారింది. థీసిస్‌లో అచ్చయిన కథ ఆ దిద్దిన కథే. ఆ గొంతు ఉన్న పదకొండు చోట్లనీ కత్తిరించి, కలిపి, ఆ రాత్రే పంపించాం. రెండు నిమిషాల చిల్లర. తర్వాత నా రాతప్రతి తెరిచి చూస్తే ఆ పదకొండు చోట్లా కుండలీకరణాల్లో ఒకటే మాట ఉంది, 'పక్కనించి ఎవరో' అని. మిగతా నలభైమంది రాతప్రతుల్లో ఆ మాట కోసం వెతికాను. నూట నాలుగు చోట్ల వచ్చింది.